కొత్త బ్రూవరీ మొదటి గ్లాసులో ఏది క్షమించాలి, ఏది క్షమించకూడదు

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. హైదరాబాద్ పడమటి వైపు మీ కాలనీ చివర నెల రోజుల క్రితం ఒక మైక్రోబ్రూవరీ, అంటే అక్కడే బీరు తయారుచేసి అక్కడే పోసే చోటు, తెరిచారు. మిత్రులతో వెళ్ళి నాలుగు రకాలను చిన్న గ్లాసుల్లో తెప్పించుకున్నారు. గోధుమ బీరు మబ్బుగా ఉండి అరటిపండు వాసన వచ్చింది కనుక ఎసెన్స్ కలిపారేమోనని మీకు అనుమానం కలిగింది. చల్లగా పులియబెట్టే లాగర్‌లో వెన్న వాసన వచ్చింది, చేదు ఎక్కువుండే ఐపీఏ నచ్చింది, నల్లని స్టౌట్ పరవాలేదనిపించింది. గ్లాసులు ఫ్రీజర్‌లోంచి తీసినవి, వాటి లోపలి గోడలకు బుడగలు అంటుకుని ఉన్నాయి. ఎనిమిది ట్యాపుల్లో నాలుగే పనిచేస్తున్నాయి. ఇది మంచి చోటేనా, మళ్ళీ వెళ్ళవచ్చా అన్నది మీ ప్రశ్న.

బెంగళూరులోనూ ఆ తరువాత హైదరాబాద్‌లోనూ బ్రూపబ్బుల్లో బీరు తయారుచేసిన అనుభవంతో, కొత్త బ్రూవరీలు మొదలుపెట్టేటప్పుడు దగ్గరుండి చూసిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. మొదటి నెలలో ఏ బ్రూవరీలోనైనా లోపాలుంటాయి, అయితే అవన్నీ ఒక జాతివి కావు. కొన్ని కొత్తదనం వల్ల వచ్చేవి: యంత్రం ఇంకా చేతికి అలవాటు కాకపోవడం, బీరును పులియబెట్టే ఈస్ట్ ఇంకా కుదురుకోకపోవడం, తెరిచే తేదీ తరుముకు రావడం. ఇవి బ్యాచ్ వెంట బ్యాచ్ వస్తుంటే వాటంతట అవే తగ్గిపోతాయి. కొన్ని మాత్రం శుభ్రత విషయంలో అలసత్వం వల్ల వచ్చేవి. వీటిని మొదటి వారంలో పట్టించుకోనివారు ఏడాది తరువాత కూడా పట్టించుకోరు. మీరు చూసినవాటిని ఈ రెండు వైపులకూ విడదీస్తే మీ ప్రశ్నకు జవాబు దానంతటదే తేలుతుంది.

ముందుగా నాలుగు ట్యాపులు ఖాళీగా ఉండటం గురించి చెబుతాను, ఎందుకంటే దాన్ని మీరు లోపాల జాబితాలో వేశారు, నేను మాత్రం గుణంగా లెక్కిస్తాను. బ్రూవరీ కట్టడం పూర్తయినా ఎక్సైజ్ శాఖ లైసెన్సు చేతికి వచ్చేదాకా ఒక్క లీటరు కూడా తయారుచేయడానికి వీల్లేదు. లైసెన్సు వచ్చాక గోధుమ బీరుకు దాదాపు రెండు వారాలు పడుతుంది, పేల్ ఏల్, ఐపీఏ వంటివాటికి రెండు మూడు వారాలు పడుతుంది, అసలైన లాగర్‌కు పులియడం, చల్లగా నిలవ ఉండటం అన్నీ కలిపి నాలుగు నుంచి ఆరు వారాలు తక్కువలో తక్కువగా కావాలి. ఇంతలో అద్దె మీటరు తిరుగుతూనే ఉంటుంది, సిబ్బందికి జీతాలు నడుస్తూనే ఉంటాయి, యజమాని రోజూ వచ్చి ట్యాంకుల వైపు చూసి వెళుతూ ఉంటాడు. అటువంటి ఒత్తిడిలో ఎనిమిది ట్యాపులూ మొదటి రోజే నిండుగా పారుతున్నాయంటే ఏదో ఒక ట్యాంకును వేళకు ముందే తెరిచారని నేను అనుకుంటాను. సగం ట్యాపులు మూసి ఉంచి, ఇంకా సిద్ధం కాలేదని చెప్పగలిగిన బ్రూవర్‌కు యజమాని దగ్గర కాస్త మాట చెల్లుబాటు అవుతోందని అర్థం. కొత్త చోట నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చే సంకేతం అదే.

గోధుమ బీరు విషయంలో మీ అనుమానాన్ని పూర్తిగా తీసివేయవచ్చు. దక్షిణ జర్మనీలోని బవేరియా తరహా గోధుమ బీరుకు వాడే ఈస్ట్ జాతి ప్రత్యేకమైనది. అది చక్కెరలను ఆల్కహాలుగా మార్చే క్రమంలోనే ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్‌ను, అంటే పండు వాసన గల పదార్థాన్ని, తయారుచేస్తుంది, అరటిపండులో వాసన కూడా ప్రధానంగా ఈ పదార్థం వల్లనే వస్తుంది. అదే ఈస్ట్ మాల్ట్‌లోని (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) ఫెరూలిక్ ఆమ్లాన్ని లవంగం వాసన గల మరొక పదార్థంగా మారుస్తుంది. ఈ రెండూ ఒకదానికొకటి తూకంగా ఉండటమే ఆ బీరు అందం. పులియబెట్టే వేడి పద్దెనిమిది, ఇరవై డిగ్రీల మధ్య ఉంటే లవంగం, అరటి రెండూ వినిపిస్తాయి. అది ఇరవై రెండు, ఇరవై నాలుగుకు పోతే అరటి లవంగాన్ని మింగేస్తుంది. మాల్ట్‌ను నీళ్ళలో కలిపే దశలో కాసేపు నలభై ఐదు డిగ్రీల దగ్గర ఆపితే ఫెరూలిక్ ఆమ్లం ఎక్కువ విడుదలై లవంగం బలపడుతుంది. అందువల్ల మీకు అరటి ఒక్కటే బలంగా తగిలిందంటే ఎసెన్స్ కలిపినట్టు కాదు, ట్యాంకు చల్లదనం మీద ఇంకా పట్టు దొరకలేదని. కొత్త బ్రూవరీలో గ్లైకాల్ చిల్లర్ అనే చల్లబరిచే యంత్రం అన్ని ట్యాంకులకూ సమంగా చల్లదనం పంపేలా సరిచేసుకోవడానికి కొన్ని బ్యాచ్‌లు పడతాయి, అందునా ఎండాకాలంలో కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల ట్యాంకు వేడెక్కకుండా చూసుకోవడం అలవాటు మీద వచ్చే పని. ఇది క్షమించదగిన లోపం, అసలు లోపమని కూడా అనలేము.

మబ్బుగా ఉండటం కూడా ఆ బీరు స్వభావమే. జర్మనీలో గోధుమ బీరు అనిపించుకోవాలంటే మాల్ట్‌లో కనీసం సగం గోధుమ ఉండాలి. గోధుమలోని ప్రోటీన్లు, వడగట్టకుండా వదిలిన ఈస్ట్ కలిసి ఆ మబ్బును ఇస్తాయి. సీసా బీరు అద్దంలా మెరవడం చూసి పెరిగిన కళ్ళకు ఇది చెడిపోయినట్టు కనిపించడం సహజమే. మన బ్రూపబ్బులన్నింటిలో గోధుమ బీరు ముందుగా కనిపించడానికి కారణాలు కూడా ఇక్కడే ఉన్నాయి: త్వరగా సిద్ధమవుతుంది, వడగట్టనక్కరలేదు, చేదు తక్కువ, మన ఎండకూ మన కారానికీ సరిపోతుంది.

ఇక లాగర్. మీరు రాసినవాటిలో నేను ఎక్కువసేపు ఆలోచించినది దీని గురించే, ఎందుకంటే వెన్న వాసనకు రెండు వేరువేరు మూలాలున్నాయి. ఒకటి అమాయకమైనది, రెండోది కాదు.

ఈస్ట్ తనకు కావలసిన వాలిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకునేటప్పుడు ఆల్ఫా ఎసిటోలాక్టేట్ అనే పదార్థం కొంత బీరులోకి జారిపోతుంది. అది నెమ్మదిగా డైఎసిటైల్‌గా మారుతుంది, వెన్న వాసన దానిదే. లీటరుకు మిల్లీగ్రాములో పదో వంతు ఉన్నా చాలామంది ముక్కు దాన్ని పట్టేస్తుంది. పులియడం ముగిసే దశలో ఇంకా చురుకుగా ఉన్న ఈస్ట్ దాన్ని మళ్ళీ లోపలికి తీసుకుని వాసన లేని పదార్థంగా మారుస్తుంది. అయితే ఇందుకు దానికి వ్యవధి కావాలి, కొంచెం వెచ్చదనం కావాలి. లాగర్‌ను ఎనిమిది నుంచి పదమూడు డిగ్రీల చల్లదనంలో పులియబెడతారు కనుక ఈ పని చాలా మందకొడిగా సాగుతుంది. అందుకే అనుభవమున్న బ్రూవర్ పులియడం చివరికి వచ్చిందనగానే ట్యాంకును పదహారు, పద్దెనిమిది డిగ్రీల దాకా వెచ్చబెట్టి రెండు మూడు రోజులు వదిలేస్తాడు, ఆ తరువాతనే చల్లబరుస్తాడు. చల్లబరిచే ముందు ఒక చిన్న పరీక్ష కూడా చేస్తాడు: మూత పెట్టిన గ్లాసులో కొంచెం బీరు తీసి అరవై డిగ్రీలు దాటిన వేడి నీళ్ళలో కాసేపు ఉంచి, మళ్ళీ చల్లార్చి వాసన చూస్తాడు. దాగి ఉన్న ఎసిటోలాక్టేట్ ఆ వేడికి డైఎసిటైల్‌గా బయటపడుతుంది. వెన్న వాసన వస్తే ట్యాంకు ఇంకా సిద్ధం కాలేదు. ఈ పరీక్షకు ఖర్చు లేదు, పరికరం అక్కరలేదు, అరగంట ఓపిక ఉంటే చాలు. తెరిచిన నెల లోపల మీ చేతికి వచ్చిన లాగర్‌లో వెన్న వాసన ఉందంటే, ఎక్కువ అవకాశం ఈ మూడు రోజులను ఎవరో కోసేశారని. ఇది తొందరపాటు, శుభ్రత లోపం కాదు. రెండో బ్యాచ్‌కు పోతుంది, పోవాలి.

రెండో మూలం బ్యాక్టీరియా. పీడియోకోకస్, లాక్టోబాసిల్లస్ అనే క్రిములు ట్యాంకులో గాని, ట్యాంకు నుంచి ట్యాపు దాకా వచ్చే పైపుల్లో గాని స్థిరపడితే అవి కూడా డైఎసిటైల్‌ను తయారుచేస్తాయి, దానితో పాటు లాక్టిక్ ఆమ్లాన్ని కూడా ఇస్తాయి. అందువల్ల వెన్నతో పాటు నాలుక పక్కల పులుపు తగిలిందా లేదా అన్నది మీరు గుర్తు చేసుకోవాలి. పులుపు లేకుండా వెన్న ఒక్కటే, అదీ లాగర్‌లో మాత్రమే ఉంటే అది పూర్తిగా సిద్ధం కాని లేత బీరు. పులుపు కలిసి ఉంటే, లేదా అదే వాసన సంబంధం లేని రెండు మూడు బీర్లలో కూడా వస్తే, పైపులు కడగడం లేదని నిర్ధారించుకోవచ్చు. మీకు ఐపీఏ శుభ్రంగా నచ్చిందని రాశారు కనుక నేను మొదటి కారణం వైపే మొగ్గుతున్నాను. నిర్ధారణ కావాలంటే ఒక సులువైన మార్గం ఉంది. ఈసారి తలుపులు తెరిచిన కాసేపటికే వెళ్ళి అదే లాగర్‌ను చిన్న గ్లాసులో తీసుకోండి, కొంతసేపటికి, ఇంకా నలుగురు తాగిన తరువాత, మరొక చిన్న గ్లాసు తీసుకోండి. మొదటి గ్లాసులోకి వచ్చేది రాత్రంతా పైపులో నిలిచిన బీరు, రెండోది ట్యాంకులోంచి కొత్తగా వచ్చినది. మొదటిది చెడుగా ఉండి రెండోది బాగుంటే దోషం పైపుది. రెండూ ఒకేలా ఉంటే ట్యాంకుది.

పైపుల శుభ్రత మీద ఈ వృత్తిలో అందరూ అంగీకరించిన పద్ధతి ఉంది. అమెరికాలోని బ్రూయర్స్ అసోసియేషన్ తన మార్గదర్శకాల్లో కనీసం రెండు వారాలకొకసారి కాస్టిక్ ద్రావణంతో పైపులను కడగమని, మూడు నెలలకొకసారి ఆమ్లంతో కూడా కడిగి గట్టిపడిన ఖనిజాల పొరను తీసేయమని చెబుతుంది. మన వాతావరణంలో దీనికంటే తక్కువసార్లు కడగడానికి ఎటువంటి సమర్థనా లేదు. నెల దాటిన చోట అప్పటికి కనీసం రెండుసార్లు కడిగి ఉండాలి. ఇది మీరు అడగవచ్చు. బ్రూవర్ ఎదురుపడితే పైపులు ఎప్పుడు కడిగారని మర్యాదగా అడగండి. శ్రద్ధ ఉన్నవాడు వెంటనే వారం పేరు చెబుతాడు, చాలాసార్లు సంతోషంగా చెబుతాడు కూడా, ఎందుకంటే తాను చేసే పనిలో ఎవరికీ కనిపించని సగం అదే.

గ్లాసుల విషయం నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. గ్లాసు లోపలి గోడకు బుడగలు అంటుకుని ఉన్నాయంటే అక్కడ కంటికి కనిపించని నూనె పొర, సబ్బు మిగులు, లేదా దుమ్ము ఉందని అర్థం. కార్బన్ డయాక్సైడ్ ఆ మచ్చలను పట్టుకుని బుడగ కడుతుంది. శుభ్రమైన గ్లాసులో బుడగలు కింది నుంచి పైకి పోతాయి, గోడకు అతుక్కోవు. తాగుతున్న కొద్దీ నురగ ప్రతి గుక్క దగ్గరా ఒక వలయంగా లోపలి గోడ మీద నిలుస్తుంది. పరీక్షించాలంటే ఖాళీ గ్లాసును నీళ్ళలో ముంచి తీయాలి, నీళ్ళు ఒకే పలుచని పొరగా జారితే శుభ్రంగా ఉన్నట్టు, చుక్కలుగా విడిపోతే జిడ్డు ఉన్నట్టు. వంటింటి ప్లేట్లు, నూనె గిన్నెలు కడిగే సింకులోనే, అదే స్క్రబ్బరుతో బీరు గ్లాసులను కడిగే చోట ఇది తప్పకుండా వస్తుంది. అపోలో ఫిష్, చికెన్ 65 ప్లేటు కడిగిన నీళ్ళే గ్లాసుకూ తగిలితే ఎంత మంచి బీరైనా నురగ నిలపదు. బ్రూవర్ ఆరు వారాలు పడిన కష్టం చివరి అర నిమిషంలో ఇక్కడే పోతుంది. విడి సింకు, విడి బ్రష్, నూనె లేని డిటర్జెంట్, గాలికి ఆరబెట్టే జాలీ, ఇంతకు మించి ఏమీ అక్కరలేదు. కనుక దీనికి కొత్తదనం సాకు కాదు. మీరు చెప్పినవాటిలో నేను క్షమించనిది ఇదొక్కటే.

మంచు పట్టిన గ్లాసు అంత పెద్ద తప్పు కాకపోయినా మంచి అలవాటు కాదు. వైన్ షాపు దగ్గర మనం మొదట అడిగే మాట కూలింగ్ ఉందా అని; సీసాలో ఏమున్నా చల్లగా ఉంటే చాలనే అలవాటు అక్కడి నుంచి వచ్చింది. ఎండలో వచ్చిన మనిషికి ఆ చల్లదనం విలువ నాకు తెలుసు. అయితే సున్నాకు దగ్గరగా చల్లబడిన బీరులో వాసన ముక్కుకు అందదు, నాలుక మొద్దుబారుతుంది, గ్లాసు మీది మంచు కరిగి బీరును పలుచన చేస్తుంది, పోసేటప్పుడు నురగ అదుపు తప్పుతుంది. లాగర్‌కు నాలుగు నుంచి ఏడు డిగ్రీలు, గోధుమ బీరుకూ ఐపీఏకూ ఏడు నుంచి పది, స్టౌట్‌కు అంతకంటే కొంచెం ఎక్కువ వెచ్చదనం బాగుంటాయి. ఫ్రీజర్ గ్లాసు వద్దు, మామూలు గ్లాసు నీళ్ళతో తడిపి ఇవ్వమని మీరు అడగవచ్చు. ఏ బార్‌మ్యాన్ కాదనడు. మీకు స్టౌట్ పరవాలేదనిపించడానికి కూడా ఈ చల్లదనమే కారణం కావచ్చు. వేయించిన బార్లీ ఇచ్చే కాఫీ, చాక్లెట్ వాసనలు మంచులో నోరు తెరవవు. ఆ గ్లాసును పావుగంట బల్ల మీద వదిలి మళ్ళీ రుచి చూసి ఉంటే మరో బీరులా తోచేది.

నురగ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ప్రతి బార్‌లోనూ ఈ తగాదా నేను చూస్తుంటాను. నురగ ఎక్కువ పోసి మోసం చేస్తున్నారని అనుకుని నురగ లేకుండా పొయ్యమని అడుగుతారు. రెండు వేళ్ళ మందం నురగ ఆ బీరుకు కావలసినదే. మాల్ట్ ప్రోటీన్లు, హాప్స్ అనే పూలలోని చేదు పదార్థాలు కలిసి దాన్ని నిలుపుతాయి, అందులోంచే వాసన పైకి వస్తుంది, పోసేటప్పుడు వదిలిన గ్యాస్ తరువాత కడుపులో ఉబ్బరం చేయదు. మోసం ఉందా లేదా అని చూడాలంటే నురగను కాదు, గ్లాసు మీద గీతను చూడాలి. గీత దాకా బీరు, దాని పైన నురగ ఉంటే లెక్క సరిగ్గా ఉన్నట్టు.

ఐపీఏ నచ్చడం మంచి సూచన. అందులో వాడే హాప్స్ చాలావరకు అమెరికా, జర్మనీ, న్యూజీలాండ్ నుంచి చిన్న గుళికల రూపంలో గాలి చొరని సంచుల్లో వస్తాయి. ఆ సంచులు తెరిచి ఉంచితే, చల్లగా దాచకపోతే హాప్స్ వాసన పోయి పాత చీజ్ వాసన మిగులుతుంది. మీకు అటువంటిదేమీ తగల్లేదు. హాప్స్ మంచి వాసన కొద్ది వారాల్లోనే తగ్గిపోతుంది కనుక ఐపీఏను ఆ ట్యాంకు కొత్తగా తెరిచినప్పుడే తాగాలి. ఈ విషయంలో మనవారికి ఎవరూ నేర్పనక్కరలేదు: తెల్లవారుజామున దించిన కల్లుకూ సాయంత్రం దాకా నిలిచిన కల్లుకూ తేడా తెలిసినవారికి దించిన వేళ ఎందుకు అడగాలో తెలుసు. అదే ప్రశ్న ఇక్కడ కూడా అడగాలి: ఈ బ్యాచ్ ఎప్పుడు తయారైంది, ట్యాంకు ఎప్పుడు తెరిచారు?

మీరు రాయలేదు కనుక తగల్లేదనే అనుకుంటున్నాను గాని, మరో మూడు వాసనలు తెలిసి ఉండటం మంచిది. పచ్చి ఆపిల్ కోసినప్పటి వాసన వస్తే అది ఎసిటాల్డిహైడ్, లేత బీరు గుర్తు. వెన్న లాగే ఇదీ వ్యవధి ఇస్తే పోతుంది. ఉడకబెట్టిన మొక్కజొన్న వాసన వస్తే వోర్ట్‌ను (పులియబెట్టకముందు మాల్ట్ నుంచి తీసిన తీపి రసం) మరిగించే దశలో మంట చాలలేదని గాని, చల్లబరచడంలో ఆలస్యమైందని గాని అర్థం. కొత్త కెటిల్ ఎంత ఆవిరి వదులుతుందో తెలియని మొదటి బ్యాచ్‌ల్లో ఇది కనిపిస్తుంది. మూడోది ఆస్పత్రిలో డెట్టాల్ వాసన. ఇది నీటిలోని క్లోరిన్ మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిసినప్పుడు గాని, క్లోరిన్ ఉన్న శుభ్రపరిచే మందు సరిగ్గా కడగకుండా మిగిలినప్పుడు గాని వస్తుంది. హైదరాబాద్‌కు మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి వచ్చే నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉండాలి, అది ప్రజారోగ్యం కోసం. బోరు నీళ్ళకు కాఠిన్యం ఎక్కువ, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్ళ లక్షణం ఏ రోజుకా రోజు మారుతుంది. అందుకే బీరు తయారుచేసేవారు కార్బన్ ఫిల్టర్, ఆర్ఓ దాటించి, తమకు కావలసిన కాల్షియం లవణాలను మళ్ళీ కలుపుకుంటారు. ఈ మూడో వాసన రెండుసార్లు వస్తే అక్కడికి నేను వెళ్ళను.

శుభ్రపరిచే మందు మిగిలిపోయిన సందర్భాన్ని పక్కన పెడితే, పై వాసనల్లో ఏదీ సాధారణంగా ఆరోగ్యానికి ప్రమాదం కాదని కూడా చెప్పాలి. ఆల్కహాలు, హాప్స్, బీరులోని ఆమ్లత్వం (నాలుగున్నర లోపు పీహెచ్) కలిసి రోగకారక క్రిములను బీరులో పెరగనివ్వవు. చెడిన బీరు రుచి పాడు చేస్తుంది, మనిషిని కాదు.

మీరు మామిడి బీరు గురించి కూడా ఒక వాక్యం రాశారు, వచ్చే నెల వస్తుందని బోర్డు పెట్టారని. దాన్ని మాత్రం జాగ్రత్తగా చూడండి. బంగినపల్లి గుజ్జును పులిసే బీరులో కలిపితే అందులోని చక్కెరను ఈస్ట్ తినేస్తుంది. మిగిలేది మామిడి వాసన, కొంచెం పులుపు, కొంచెం పొడిదనం. గ్లాసులో మామిడి రసమంత తీపి ఉంటే పండు బీరులో పులియలేదు, చివరలో రసమో సిరప్పో కలిపారు. అది తాగడానికి బాగుండవచ్చు, కాని దాన్ని చూసి బ్రూవర్ నైపుణ్యం మీద అభిప్రాయం ఏర్పరచుకోలేము. నైపుణ్యం చూడాలంటే లాగర్, గోధుమ బీరు వంటి సాదా రకాలే చూడాలి, ఎందుకంటే వాటిలో తప్పును కప్పిపుచ్చే చేదు గాని, పండు గాని, వేపిన మాల్ట్ గాని లేవు. ఏ కొత్త చోటికి వెళ్ళినా నేను అన్నిటికంటే పలుచని బీరునే ముందు అడుగుతాను.

మన దేశంలో ఈ వృత్తి ఎంత చిన్నదో కూడా దృష్టిలో పెట్టుకోవాలి. పుణేలో డూలాలీ 2009లో, బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో మొదలయ్యాయి. తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు నియమాలు 2015లో వచ్చాయి. అంటే ఇక్కడ ఈ పని నేర్చుకున్నవారు ఇంకా తక్కువ, బాగా నేర్చుకున్నవారిని మరో చోటివాళ్ళు త్వరగా ఎత్తుకుపోతారు. చాలా బ్రూవరీలు మొదలుపెట్టేటప్పుడు ఒక సలహాదారు వచ్చి వంటకాలు రాసి, మొదటి కొన్ని బ్యాచ్‌లు దగ్గరుండి చేయించి వెళ్ళిపోతారు. ఆ తరువాత రోజువారీ బాధ్యత యువకుడైన ఒక బ్రూవర్ మీదా, ఇద్దరు సహాయకుల మీదా పడుతుంది. ఆ చోటు నిజస్వరూపం తెలిసేది అప్పుడే. మొదటి నెలలో తాగిన బీరు ఆ సలహాదారు బీరు, మూడో నెలలో తాగేది ఆ ఇంటి బీరు. మొదటిసారి వెళ్ళినప్పుడు వచ్చిన అభిప్రాయం మీద ఎంత బలంగా నిలబడాలన్నది ఇది తెలిస్తే తేలిక అవుతుంది.

హాలు అలంకరణ గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. మీకు ట్యాంకులు అద్దం వెనుక కనిపిస్తే నేల కడిగి శుభ్రంగా ఉందా, గొట్టాలు నేల మీద పడేసి ఉన్నాయా లేక గోడకు వేలాడదీసి ఉన్నాయా చూడండి. నేల మీద పడేసిన గొట్టంలో నీళ్ళు నిలిచి క్రిములు పెరుగుతాయి. సంగీతం పక్కవారి మాట వినిపించేంత తక్కువలో ఉంటే మంచిది, కాలనీ మధ్యలో ఉన్న చోటికి ఇది మర్యాద కూడా. నివాస ప్రాంతాల్లో రాత్రి పది దాటాక చట్టం అనుమతించే శబ్దం 45 డెసిబెల్స్ మాత్రమే. నంజుకోవడానికి కారం ఎక్కువున్నవి తెప్పిస్తే గోధుమ బీరుతో తినండి, ఐపీఏతో వద్దు, మిరప మంట మీద హాప్స్ చేదు పడితే రెండూ రెట్టింపవుతాయి.

స్ట్రాంగ్ బీరుకు అలవాటుపడిన మీ మిత్రుడు ఇది ఎక్కడం లేదని అన్నారని రాశారు. ఐదు శాతం ఉన్న అర లీటరు గ్లాసులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. ఎనిమిది శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసాలో దాదాపు 41 గ్రాములు. తేడా ఉన్నమాట నిజమే, కాని రెండు గ్లాసులు ఒక స్ట్రాంగ్ సీసాకు సమానమే. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కేసు అవుతుంది, ఆ హద్దు దాటడానికి ఒక పెద్ద గ్లాసు కూడా చాలు. మీ ఇల్లు నడిచి వెళ్ళే దూరంలోనే ఉందన్నారు, నడిచే వెళ్ళండి. మిత్రులను క్యాబ్‌లో రమ్మనండి.

కనుక నా అభిప్రాయం ఇది: మళ్ళీ వెళ్ళండి, అయితే మూడు నాలుగు వారాలు ఆగి వెళ్ళండి, అప్పటికి లాగర్ రెండో బ్యాచ్ ట్యాపులోకి వచ్చి ఉంటుంది. మొదట లాగర్ అడగండి, మామూలు గ్లాసులో అడగండి. వెన్న వాసన పోయి ఉంటే అక్కడ నేర్చుకునే మనిషి ఉన్నాడు. మళ్ళీ వస్తే ఆ గ్లాసును సగం తాగాక కాదు, ఒక్క గుక్కతోనే ఆపి, వెయిటర్‌కు కాకుండా బ్రూవర్‌కు చూపించమని అడగండి. బాగాలేదు అని ఊరుకోకుండా వెన్న వాసన వస్తోందని ఆ మాటే చెప్పండి, గ్లాసుల బుడగల సంగతీ అప్పుడే చెప్పండి. చాలామంది కస్టమర్లు మాట్లాడకుండా బిల్లు కట్టి వెళ్ళిపోయి మళ్ళీ రారు, దాంతో తయారుచేసినవాడికి ఏది తప్పిందో తెలిసే దారి ఉండదు. మీ మాట విని అతను అదే గ్లాసు తీసుకుని వాసన చూసి, ట్యాంకు దగ్గరికి వెళ్ళి అక్కడి నుంచి మరొకటి పట్టి తెచ్చి పోల్చి చూస్తే, మీ కాలనీకి మంచి బ్రూవరీ దొరికినట్టే. ఈ బీరు ఇలాగే ఉంటుంది సార్ అని జవాబు వస్తే బిల్లు కట్టి వచ్చేయండి.